ఉయ్యాల నడిచిన దూరం

మొన్న బస్సు కిటికీలోంచి మిర్చి ఘాటు తగిలి దగ్గు వచ్చింది. పక్క చేలో వేపచెట్టుకు ఎవరో చీర ఉయ్యాల కట్టారు. అమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. నాన్న దాచేపల్లి దగ్గర రాళ్ళ క్వారీలో పనికి వెళ్ళి నెలలైంది. అమ్మ మిరపకాయల కోతకు వెళితే, చెట్టుకింద తమ్ముణ్ణి ఊపడం నా పని. ఉయ్యాల నడిమి నుంచి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు పోయేది. ఒకసారి పోయి వస్తే ఎనిమిది అడుగులు. అలా కూడుకుంటూ పోతే తమ్ముడు ఎప్పటికైనా నాన్న దగ్గరికి చేరతాడని నమ్మాను. త్వరగా చేరాలని గట్టిగా ఊపేసరికి వాడు లేచి ఏడ్చాడు.

అమ్మ పరుగున వచ్చింది. చేతులనిండా కాయల మంట. వాణ్ణి ముట్టుకోలేక మోచేత్తోనే ఉయ్యాల ఆపింది.

"ఏమే, ఎందుకంత ఊపుతున్నావ్?"

లెక్కంతా చెప్పాను.

"ఎంత పోయినా మళ్ళీ ఈ చెట్టుకిందికే వస్తుంది కదే, పిచ్చిమొద్దూ."

వాడు ఊరుకున్నాక అమ్మ మానుకు ఆనుకుని కూలబడింది. కళ్ళు మూసుకునే అడిగింది.

"ఇంకెంత దూరం ఉందే దాచేపల్లి?"

"సగం వచ్చేశామమ్మా."

"అయితే ఆపకు. మెల్లగా ఊపు."

ఆనాటికి అమ్మకు పాతికేళ్ళు కూడా లేవని బస్సులో కూర్చుని లెక్కేసుకున్నాను.