రెండు ఊళ్లలో తీసిన రక్తం

మా నాయన ఆదోనిలో పత్తి వ్యాపారి. ఒక్కచోట దూది పీకి చూసి కుప్ప మొత్తానికీ ధర చెప్పేవాణ్ణి ఆయన మనిషి కిందే జమ కట్టడు. ఆ పద్ధతి నా రక్తం దాకా వస్తుందని మాత్రం నేననుకోలేదు.

అప్పటికి కొన్ని నెలలుగా నెత్తురు విరేచనాలతో సగమైపోయాను. ఎమ్మిగనూరు బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ బస్సులో పోవాలి. దారిలో కడుపు మెలిపెడితే ఎక్కడ దిగను? ఉద్యోగం మానేయాల్సి వస్తుందేమోనని ఒకటే దిగులు. గబుక్కున దిగడానికి వీలుగా ఉంటుందని, నాయన రోజూ బస్టాండుకు వచ్చి, బస్సెక్కి, తలుపు పక్క సీటు మీద తువ్వాలు వేసి నాకోసం ఆపేవాడు.

మనల్ని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే పేగు మీద పడుతున్నాయని చెప్పింది కర్నూలు డాక్టరమ్మ. కంచే చేను మేయడమన్నమాట. అందులోనూ రెండు రకాలట. ఒకటి పెద్దపేగుతో ఆగుతుంది, రెండోది నోటి నుంచి కింది దాకా ఎక్కడైనా రావచ్చు. రెండింటిలో ఆ కణాల తీరు కొంత వేరుగా ఉంటుంది గానీ, రక్తం ఒక్కటే చూసి తేల్చలేమంటూనే, ముందుగా రక్తపరీక్ష రాసింది.

నాయన నన్ను పొద్దున ఆదోనిలో ఒక ల్యాబుకు, మధ్యాహ్నం ఎమ్మిగనూరులో ఇంకో ల్యాబుకు తిప్పాడు.

"ఒక్క సోట పీకితే సరుకు తెలుస్తాదా పాపా?"

రెండు చేతులకూ దూది అంటించుకుని, మండిపడుతూ ఇల్లు చేరాను.

రెండు రిపోర్టులూ చూసి డాక్టరమ్మ పకపకా నవ్వింది. "రక్తం ఏ ఊళ్లో తీసినా ఒకటే పెద్దాయనా! పేగుకైతే మీ లెక్కే సరి. కెమెరా పంపి, నాలుగైదు చోట్ల గిల్లి ముక్కలు తీస్తాం."

ఇంకేముంది, నాయనకు పట్టపగ్గాల్లేవు. తిరుగు బస్సులో అందరికీ వినపడేలా "సూస్తివా? నేను సెప్పలే?" అంటూనే ఉన్నాడు.

ఆ ముక్కల పరీక్షలో, పెద్దపేగుతో ఆగేదేనని తేలింది. మందులు పడ్డాయి. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ, అణిగింది. జొన్నరొట్టె తింటున్నాను, బడికి పోతున్నాను, హాయిగా ఉన్నాను.

మొన్నొక పొద్దున నాయన ఎప్పటిలాగే తువ్వాలు వేసి సీటు ఆపాడు. నేను దాన్ని దాటిపోయి, వెనక కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన నావైపు చూసి, తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "దిగప్పా, బండి కదుల్తాంది" అని కండక్టరు అరుస్తున్నా, ఆ తువ్వాలు ముఖం మీంచి తీయలేదు.