సముద్రం నుంచి చూసే పటం

మా మేడమ్ పోయారన్న కబురు కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో చూశాను. అప్పుడు విశాఖపట్నంలో ఆఫీసులో ఉన్నాను. ముందురోజు మామూలుగానే భోంచేసి పడుకున్నారట, తెల్లారి లేవలేదట. ఆ కబురు కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఆ బొమ్మ పెట్టబుద్ధి కాలేదు. ఆవిడ చూస్తే "నాలుగు ముక్కలు రాయడానికి బద్ధకమేటే" అని ఉండేవారు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ శ్రీకాకుళంలో మా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పేవారు. రామతీర్థం దగ్గర వరి పండించే ఇంటి ఆడపడుచు. ల్యాబ్‌లోకి తినుబండారాలు తేకూడదని బోర్డు రాయించింది ఆవిడే, ఆ బోర్డు కింద కూర్చుని స్టీలు సీసాలో సోడంబలి, అదే రాగి అంబలి, తాగేదీ ఆవిడే. ఇదేంటి మేడమ్ అంటే "బోర్డు మళ్ళీ చదువు, తాగకూడదని ఎక్కడుంది?" అనేవారు.

ఏ వెబ్‌సైటు నచ్చినా ముందు దాని వెనక రాసిన కోడ్ తెరిచి చూడమనేవారు. "సుట్టాలింటికెళ్తే వంటగదిలోకి తొంగి సూడకుండా వస్తామేటి?" మేం ఏదైనా మార్చడానికి భయపడితే "పేజీ పగిలితే పగలనీ, పళ్ళెం కాదు కదా" అనేవారు. రంగులు దిద్దుకుంటూ కూర్చున్నవాళ్ళ నెత్తిన "ముందు పని, తర్వాత ముస్తాబు" అని ఒక మొట్టికాయ. ఈ మాటలన్నీ ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నా సొంతంలాగా చెబుతుంటాను. ఆవిడ విన్నా ఏమీ అనుకోరు.

మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలమ్మేది. చివరి ఏడాది ప్రాజెక్టుకి అందరూ లైబ్రరీ పుస్తకాల లెక్కలూ హాజరు పట్టీలూ చేస్తుంటే, మేడమ్ నాచేత మా తీరం పటం చేయించారు. తెరమీద జరుపుకుంటూ పోవచ్చు, నొక్కితే ఊరి పేరు, పడవలు ఆగే చోటు కనబడాలి. నేను అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం రాశాను, రేఖాంశం చోట అక్షాంశం రాశాను. మా ఊళ్ళన్నీ మాయం. వెతగ్గా వెతగ్గా ఉత్తర ధ్రువం దగ్గర గడ్డకట్టిన సముద్రంలో కనిపించాయి. మేడమ్ కళ్ళజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వి, "మీవాళ్ళకింక వలలు పనికిరావే, గునపాలు కొనుక్కోమను" అన్నారు.

తప్పు దిద్దాక ల్యాప్‌టాప్ పట్టుకుని, నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని మా ఊరొచ్చారు. నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. తెరని అటూ ఇటూ వంగి చూసి, "ఇది మనూరు కాదు" అన్నాడు.

"తేడా ఏటండి?" అన్నారు మేడమ్.

"సముద్రం పక్కకెళ్ళి పడుంది. ఇంతకీ నానెక్కడ నిలబడి సూస్తన్నట్టమ్మా? ఆకాశంలోనా?"

నాన్నలాంటి వాళ్ళు ఊరిని సముద్రంలోంచి చూస్తారు. ముందు సరుగుడు తోపు, దాని వెనక తాటిచెట్లు, ఆ వెనక గుడి గోపురం, అన్నిటికీ వెనక కొండ. ఉత్తరాన్ని పైన పెట్టి గీసిన పటంలో వాళ్ళు నిలబడే చోటే లేదు. నేను సర్దిచెప్పబోతే మేడమ్ ఆపారు. "మా ఇంటికాడ ఎగువ, దిగువ అంటాం. మీకు ఒడ్డు, లోతు. కంప్యూటరుకేమో ఉత్తరం. తిప్పేద్దాం."

తిప్పేద్దాం అన్నంత సులువుగా తిరగలేదు. పటాన్ని ఒరగా తిప్పితే ఊళ్ళ పేర్లన్నీ కల్లు తాగినట్టు ఒక పక్కకి వాలిపోయాయి. పైకి తోస్తే పటం పక్కకి జారింది. పేర్లని ఎదురు తిప్పి నిలబెట్టాం, తోసిన దిక్కుని కూడా లెక్కగట్టి మార్చాం. ఆఖరికి సముద్రం తెర కిందికొచ్చింది, భూమి పైకెళ్ళింది. ఈసారి నాన్న తలూపాడు.

అప్పుడు మేడమ్ చేపలు పడే చోట్ల గురించి అడిగారు. నీళ్ళమీద గుర్తు పెట్టలేరు గనక మావాళ్ళు ఒడ్డునే గుర్తులు పెట్టుకుంటారు. ఫలానా చెట్టు వెనక్కి ఫలానా కొండ కొన వచ్చిందంటే వల వెయ్యాల్సిన చోటు అదే. దాన్ని ఆనవాలంటారు. ఒక్కో ఇంటికి ఒక్కో ఆనవాలు. బావమరిదికి కూడా చెప్పరు, కొడుక్కే చెబుతారు. నాన్నకి కొడుకుల్లేరు. ఉన్నది నేనొక్కదాన్నే.

"అదడక్కండమ్మా" అన్నాడు నాన్న. "అందులో ఎట్టేస్తే రేపు పెద్ద బోట్లన్నీ ఆడే ఉంటాయి. నా ఆనవాలు నాతోటే పోతాది."

"పోనీ మీ అమ్మాయికి చెప్పారా?"

"ఆడపిల్లకెందుకమ్మా? పడవెక్కుతాదేటి?"

"పడవెక్కకపోతేనేం, పటం గీసింది కదా."

నాన్న వలమీదికి తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ చోటు తెలుసుకోవాలని నాకు అంత ఆశ ఉందని అప్పటిదాకా నాకే తెలీదు.

తిరిగి వెళ్ళేటప్పుడు మేడమ్ స్కూటీ మీద నుంచే గట్టిగా అన్నారు: "ఆయన మనకి చెప్పక్కర్లేదే. ఆయన చూసుకోగలిగితే చాలు."

అలా పుట్టింది ఆ పేజీ. తెర కింద చిన్న పడవ. పైన మా ఒడ్డు, సముద్రంలోంచి ఎలా కనబడుతుందో అలా. పడవని జరిపితే దగ్గరి చెట్లు త్వరగా, దూరపు కొండ నిదానంగా కదలాలి. దానికి ఫోటోలు కావాలి గనక మేడమ్ నాన్న పడవెక్కారు. నడుముకి తాడు కట్టించుకుని, వాంతికీ వాంతికీ మధ్య ఫోటోలు తీస్తూ, "మా పొలాలు ఇలా ఊగవండి" అని నాన్నమీద ఫిర్యాదు చేశారు. నాన్న అంతలా నవ్వడం నేను చూడలేదు.

ఆ పేజీ ఎవరి పడవ ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోదు. మూసి తెరిస్తే పడవ మళ్ళీ ఒడ్డునే ఉంటుంది. ప్రాజెక్టు చూడ్డానికి వచ్చినాయన, సేవ్ చేసే వీల్లేదు, ఇది లోపం కదా అన్నారు. "లోపం కాదండి, వాళ్ళ నాన్నకి మాటిచ్చాం" అన్నారు మేడమ్.

ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే నాన్న తలమీదుగా ల్యాప్‌టాప్ దాకా తువ్వాలు కప్పుకుని, లోపల పడవ జరుపుకున్నాడు. మేడమ్ నా రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి, అమ్మతో ఎండు చేపల సంగతి మాట్లాడుతూ నిలబడ్డారు. కాసేపటికి తువ్వాల్లోంచి నాన్న గొంతు వినబడింది. "సరిగ్గానే ఉన్నాది."

తర్వాత ఒక తుఫానుకి తాటిచెట్లన్నీ కూలిపోయాయి. వాటితో నాన్న ఆనవాలూ పోయింది. కుర్రాళ్ళ పడవల్లో అప్పటికే జీపీఎస్ వచ్చేసింది, మోకాళ్ళ నెప్పులొచ్చి నాన్న వేట మానేశాడు. పటం నిజం చెప్పాలి కదా, చెట్లు తీసేద్దామని మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఒడ్డుమీద కూలాయే. మీ నాన్న కళ్ళలో కూలలేదు" అన్నారు. పేజీలో తుఫానుకు ముందు, తుఫాను తర్వాత అని రెండు మీటలు పెట్టించారు.

కబురు తెలిసి నేను బయల్దేరుతుంటే నాన్న కూడా వస్తానని ఊరి నుంచి ఫోన్ చేశాడు. రామతీర్థం దగ్గర ఆవిడ పుట్టింటికి చెరో వైపు నుంచీ బస్సులు మారి చేరాం. పొలాలు చూస్తూ నాన్న "ఊగని సోటు" అన్నాడు, అంతే. ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది, నన్ను మా ఇంటికి తిరిగి చూపించింది ఆవిడొక్కరే.

మర్నాడు పొద్దున్న ఊళ్ళో మా అరుగుమీద నాన్న నా ఫోన్ అడిగాడు. పేజీ తెరిచిచ్చాను. తుఫానుకు ముందు అన్న మీట నొక్కమన్నాడు. తువ్వాలు కప్పుకున్నాడు. నేను అలవాటుగా లేచి పెరట్లోకి వెళ్ళబోయాను.

"ఒసే, ఎక్కడికెల్తన్నావు? ఇలారా."

తువ్వాలు ఒక అంచు ఎత్తి పట్టుకున్నాడు. తల లోపల పెట్టాను.

"ఇదిగో. ఇక్కడే. సూసుకో" అన్నాడు. తువ్వాలు సర్దుకుంటూ, "మేడమ్మ అప్పుడే అడిగింది" అన్నాడు.

ఏది దేని వెనక ఉందో చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. నాన్న పేజీ మూసేశాడు.

ఆ చోటెక్కడో మీకు చెప్పను. పేజీ ఇంకా ఉంది, ఎవరైనా తెరవచ్చు. తుఫానుకు ముందు అన్న మీట నొక్కితే తాటిచెట్లు నిలబడి ఉంటాయి, పడవ ఒడ్డునే ఉంటుంది.