మామూలు కుడి, అల్లుని కుడి

ఒక కారును నేను ఎలా పాడుచేశానో చెబుతాను. పాడుచేయడమంటే కాల్చడం, కూల్చడం కాదు. చూడటానికి అది చక్కగానే ఉండేది. కాకపోతే కుడికి తిప్పితే ఎడమకు పోయేది. దానివల్ల ప్రొద్దుటూరులో ఒక పెద్దమనిషి నలభై ఏళ్ల పంతం పావు నిమిషంలో పోయింది. ఆ పెద్దమనిషి మరెవరో కాదు, నాకు పిల్లనిచ్చిన మామ.

మామ వెంకటసుబ్బయ్యది చీరల అంగడి. తన పెళ్లయిన కొత్తలో బెంగళూరు నుంచి ఒక కారును పెట్టెల్లో తెప్పించుకున్నాడు. అన్నీ ముక్కలే. కాగితం చూసుకుంటూ మనమే ఇంట్లో బిగించుకోవాలి. రెండు సీట్లు, పైకప్పు లేదు, ముందు చక్రాల మీద ఏనుగు చెవులంత మడ్‌గార్డులు. ఆరు నెలలు కూర్చుని బిగించి, అత్తమ్మను ఎక్కించుకుని, పులివెందులలో ఆమె పుట్టింటి ముందు దింపుతానని బయలుదేరాడు. ముద్దనూరు దాటలేదు. స్టీరింగు ఎంత బరువంటే, మలుపు తిప్పాలంటే సీట్లోంచి లేచి నిలబడాల్సి వచ్చేదట. ఆఖరికి భుజం పట్టేసింది. అత్తమ్మ బస్సెక్కి పుట్టింటికి పోయింది. కారు ఎద్దులబండి వెనక కట్టించుకుని ఇంటికొచ్చింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ వాదన వచ్చినా అత్తమ్మ ఒకే మాటతో గెలిచేది. "నువ్వు నన్ను ముద్దనూరులో బస్సెక్కించినోడివి గదా!"

డెబ్బయ్యేళ్లు దాటాక ఒకరోజు మామ నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడా, ఈ మాట ఇంగ వినలేనప్పా. ఆయమ్మను ఆ కారులోనే పులివెందులలో దింపాల. స్టీరింగు నా భుజానికి తిరిగేటట్టు ఏమన్నా చేయగలవా?"

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. అప్పటికి పన్నెండేళ్లుగా బోర్డు మీద కారును సుద్దముక్కతో నడుపుతున్నాను, ఒక్క ప్రమాదమూ జరగలేదు. అలాంటివాణ్ణి అడిగితే ఊరుకుంటానా?

"ర్యాక్ అండ్ పినియన్ పెడదాం మామా. ఒక పళ్ల చక్రం, దానికింద ఒక పళ్ల కడ్డీ. చక్రం తిరిగితే కడ్డీ పక్కకు జరుగుతుంది, కడ్డీ బండి చక్రాలను లాగుతుంది. ఒక్క వేలితో తిప్పొచ్చు."

"ఒక్క వేలితోనా?"

"చిటికెన వేలితో!"

కారును జమ్మలమడుగులో ఖాదర్ భాయ్ షెడ్డుకు చేర్చాం. భాయ్ చేతిలో పడితే చచ్చిన ఇంజను కూడా సిగ్గుపడి లేస్తుందని పేరు. పాత చిన్నకారు ఒకదాని ర్యాకును ఆయనే వెతికి తెచ్చాడు. దాన్ని ముందు చక్రాల ఇరుసుకు వెనక బిగించాలి. అక్కడ చోటు లేదు, ఇంజను అడ్డం. నేను నా డ్రాయింగు పరిచాను.

"ఇరుసుకు ముందు పెట్టండి భాయ్."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వెనక ఉండాల్సిన సామాను సార్ ఇది. ముందు పెడితే ఏమన్నా తేడా వస్తాదేమో?"

"ముందున్నా వెనకున్నా లాగేది లాగడమే కదా?"

ఈ వాక్యాన్ని ఇప్పుడు మా క్లాసులో ఏ పిల్లాడైనా రాస్తే సున్నా వేస్తాను. ఆ రోజు దాన్ని లెక్చరర్ గొంతుతో అన్నాను కాబట్టి భాయ్ బిగించేశాడు. అది శుక్రవారం. నమాజు వేళయింది. చేతులు కడుక్కుంటూ ఆయన, "సార్, మనసులో ఒకటి గీరుకుంటాంది. నేను వచ్చినాక ఇద్దరం చక్రాలు చూసుకుంటా ఒకసారి తిప్పుదాం. అంతదాకా కింద దించొద్దు" అని చెప్పి వెళ్లాడు.

నేను జాకీల మీదున్న కారెక్కి తిప్పాను. ఒక్క వేలితో వెన్నలా తిరిగింది. ఆ ఆనందంలో కళ్లు కూడా మూసుకున్నాను. తెరిచినా లాభం లేదు, చక్రాలు ఏనుగు చెవుల చాటున ఉన్నాయి. అంతలో మినీ లారీ అతను వచ్చి, ఇప్పుడే బయలుదేరాలి, రాత్రికి ప్రొద్దుటూరులోనే ఆగుతాను అన్నాడు.

కారుకు లారీ ఎందుకని మీకు అనుమానం రావాలి. ముహూర్తం మరునాటి పొద్దున. మామ పట్టింపు ఏమిటంటే, కొత్త స్టీరింగు పెట్టిన కారు కొత్త కారే, నాలుగు నిమ్మకాయలు తొక్కనిదే సొంతంగా ఒక్క అడుగు కదలకూడదు. తోయడం కదలడం కిందికి రాదని నేనే తీర్పు చెప్పి, కారును జాకీల మీంచి దించి, నలుగురితో లారీలోకి తోయించాను. అలా ఆ కారు, నడిచి చూసే భాగ్యం లేకుండా, పెళ్లికూతురిలా ప్రొద్దుటూరు చేరింది. దారిలో ఖాదర్ భాయ్ మూడుసార్లు ఫోను చేశాడు. మెచ్చుకోవడానికై ఉంటుందనుకుని, తీరిగ్గా విందామని ఎత్తలేదు.

మరునాడు అంగడి ముందు పూజ. బానెట్ మీద బంతిపూలు, దిష్టి గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. మామ తెల్ల పంచెలో స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన అత్తమ్మ, ఒళ్లో పుట్టింటికి చేసిన ఓళిగల డబ్బా. ఓళిగలంటే బొబ్బట్లే.

కారు పోయే దిక్కున కాస్త ముందు, వీధికి ఎడమపక్క ఓబులయ్య చీరల అంగడి. మామకూ ఆయనకూ ఏదో పాత గొడవ. "నీ అంగడి మెట్లెక్కితే నా పేరు వెంకటసుబ్బయ్య కాదు" అని మామ నలభై ఏళ్ల కిందట అన్నాడు, అన్నట్టే ఎక్కలేదు. ఆ వైపు నీడ పడినా దులుపుకునేవాడు.

నిమ్మకాయలు చిట్లాయి, అందరం చప్పట్లు కొట్టాం. కారు తిన్నగా పది గజాలు పోయింది. మామ ఒక్క వేలు పైకెత్తి నాకు చూపించి, అదే వేలితో కుడికి తిప్పాడు.

కారు ఎడమకు తిరిగింది.

"ఏంది ఇది?" అని మామ ఇంకా కుడికి తిప్పాడు. అది ఇంకా ఎడమకు తిరిగింది. ఆయన కుడికి తిప్పేకొద్దీ కారు ఓబులయ్య వైపు ప్రేమగా ఒరిగింది. నడక వేగంతోనే, తొందరేమీ లేకుండా, మొదటి మెట్టు, రెండో మెట్టు ఎక్కి, చీర కట్టిన బొమ్మను ముద్దాడి ఆగిపోయింది. బొమ్మ చీర జారి బానెట్ మీద పడింది.

లోపల్నుంచి ఓబులయ్య చేతులు జోడించుకుని వచ్చాడు. "రాప్పా వెంకటసుబ్బయ్యా, రా! కాళ్లతో ఎక్కనంటివి, చక్రాలతో ఎక్కినావు. మాట తప్పలేదులే. ఏం చూపియ్యమంటావు?"

అత్తమ్మ డబ్బా సర్దుకుని, "అన్నా, బానెట్ మీద పడిన నీలం చీర శానా బాగుండాదే. పక్కన పెట్టు" అంది.

వీధంతా నవ్వింది. మామ మెల్లగా నా వైపు తిరిగాడు. "ఏంది అల్లుడా ఇది?"

ఇక్కడిదాకా నేను చేసింది తెలివితక్కువతనం. ఇప్పుడు చేసింది మాత్రం తప్పు. "ఆ జమ్మలమడుగు మెకానిక్ తిరగేసి బిగించినట్టున్నాడు మామా" అన్నాను.

నేను అంటూ ఉండగానే ఖాదర్ భాయ్ మోటారు సైకిల్ దిగాడు. ఫోను ఎత్తలేదని పొద్దున్నే బయలుదేరి వచ్చాడు పాపం. మాట ఆయన చెవిన పడింది. ఒకసారి కారు ముందు భాగం వైపు, ఒకసారి నా వైపు చూశాడు. అల్లుడు, అత్తగారి ఊరు, చుట్టూ జనం. ఆయనకు అన్నీ అర్థమయ్యాయి.

"నాదే తప్పు సామీ" అన్నాడు మామతో. "నేను సరిగా చూసుకోవాల్సింది."

ఆయన నన్ను తిట్టి ఉంటే వాదించేవాణ్ణి. తిట్టలేదు. నా మొహం ఆ నాలుగు నిమ్మకాయల కంటే అధ్వాన్నంగా అయింది.

"కాదు మామా" అన్నాను. "ముందు బిగించమన్నది నేను. ఆయన వద్దన్నాడు. నమాజుకు పోయొచ్చేదాకా ఆగమన్నాడు, ఆగలేదు. ఫోను చేశాడు, ఎత్తలేదు."

మామ స్టీరింగు మీదున్న తన వేలిని చూసుకున్నాడు. తర్వాత, "పన్నెండేండ్లుగా పిల్లోళ్లకు నువ్వు చెప్తాండేది ఇదేనా?" అన్నాడు.

"సరే, దిగు" అన్నాడు అత్తమ్మతో, ఓడిపోయిన గొంతుతో. "బస్సెక్కిస్తా."

"నేను దిగను" అంది అత్తమ్మ. "ఇంకోసారి బస్సెక్కేది ల్యా. దిగితే పులివెందులలోనే దిగేది."

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "అమ్మ దిగాల్సిన పన్లేదు సామీ. నిన్న కారు తెచ్చిన లారీ ఇంకా ఈడే ఉండాది గదా?"

అలా మామా, అత్తమ్మా కారులో కూర్చుని ఉండగానే, కారును లారీలోకి ఎక్కించి తాళ్లతో కట్టారు. ఎక్కువ బలంగా తోసింది ఓబులయ్య. లారీ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని భాయ్ నడిపాడు. నేను వెనక చక్రం పక్కన ఓళిగల డబ్బా పట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ప్రతి మలుపులో మామ స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. ముద్దనూరు రాగానే రెండుసార్లు హారన్ కొట్టాడు. అత్తమ్మ బస్టాండు వైపు చూడనైనా చూడలేదు.

పులివెందులలో ఆమె తమ్ముడు నోరెళ్లబెట్టాడు. "ఏందక్కా, లారీలో వచ్చినావు?"

"లారీ యాడుందిరా? నేను మీ బావ కారులో వచ్చినా. నిచ్చెన తే."

ఇరుసుకు ముందు నుంచి లాగితే చక్రాలు ఎదురు దిక్కుకు తిరుగుతాయి కాబట్టి, తర్వాతి వారం భాయ్ ర్యాకును తలకిందులుగా తిరగేసి బిగించాడు. ఇప్పుడు మామ నిజంగానే ఒక్క వేలితో నడుపుతాడు, ఆ మధ్య ఓబులయ్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. నా పరువు మాత్రం ఇంకా తిన్నగా కాలేదు. మొన్న వాకిట్లో కారు వెనక్కి తీస్తుంటే సాయంగా నిలబడి, "కుడికి మామా, కుడికి" అన్నాను. కారు టక్కున ఆగింది. అత్తమ్మ నా వైపు తిరిగి అడిగింది.

"మామూలు కుడా నాయనా, నీ కుడా?"

కాబట్టి చితికిన ఆ నాలుగు నిమ్మకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ బండినైనా ఖాదర్ భాయ్ నమాజు ముగించుకుని వచ్చేదాకా కింద దించను. ఆయన ఫోను మొదటి మోతకే ఎత్తుతాను. దారి అడిగినవాళ్లకు కుడి, ఎడమ అని చెప్పను, వేలు చూపిస్తాను. ఆ వేలు ఎటుందో మీరూ ఒకసారి సరిచూసుకుని కదలండి.