ఆమె చెప్పిన ‘ఆయన’

2022 చలికాలం. అప్పుడు న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్‌లోని ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధులను చూసుకునే చోట, నర్సుగా పనిచేస్తున్నాను. పదేళ్ల సర్వీసు ఉందని కాస్త పొగరు కూడా ఉండేది.

పన్నెండో గదిలో డొరొతీ అని ఎనభై నాలుగేళ్ల ఆవిడ ఉండేది. పెళ్లి చేసుకోలేదని ఫైల్లో ఉంది. నేను బీపీ చూస్తుంటే, ‘మై మ్యాన్’ అంటూ ఎవరి గురించో కబుర్లు మొదలుపెట్టేది. ఆయన దుకాణాల బోర్డులు రాస్తూ బొమ్మలు నేర్చుకున్నాడట. ఊరూరూ తిరిగి రైతుల బొమ్మలు వేసి, బదులుగా భోజనం పెట్టించుకునేవాడట. చేతులు వేయడం రాక, అందరి చేతులూ శాలువా కింద దాచేసేవాడట. “నలభై ఏళ్లుగా ఆయనతోనే బతుకుతున్నాను” అని నవ్వేది.

మనలో ఆడవాళ్లు ‘మా ఆయన’ అంటే ఎవరో వేరే చెప్పాలా? నా చెవికి అదే వినిపించింది. లేని మొగుణ్ణి ఊహించుకుంటోందని తేల్చేసి, ప్రోగ్రెస్ నోట్స్‌లో, అంటే రోజూ మేము రాసే వివరాల్లో, ‘కన్‌ఫ్యూజ్డ్’ అని మూడు రోజులు వరసగా రాశాను. డాక్టర్ వచ్చిన రోజు ఆమెకు జ్వరం, మాట తడబడింది. నా నోట్స్ చూసి ఆమెను మెమరీ యూనిట్‌కి మార్చారు. మతిమరుపు ఉన్నవాళ్లను తలుపు తాళం వేసి ఉంచే భాగం అది. అక్కడి గదిలో రాతబల్ల పట్టలేదు. ఆ బల్ల మీద కట్టలుగా ఉన్న ఆమె కాగితాలను అట్టపెట్టెల్లో సర్ది స్టోర్‌కి పంపింది నేనే.

మూడు వారాలకు టౌరంగా అనే ఊరి నుంచి డొరొతీ మేనకోడలు వచ్చి ఆ కాగితాలు అడిగింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా చిత్రకారుడొకరి గురించి డొరొతీ రాస్తున్న జీవితచరిత్ర అది. నలభై ఏళ్ల పని. ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

నాతో పనిచేసే మేరీ ఆంటీకి చెప్పాను.

“ఆయనెవరండీ అని ఒక్కసారన్నా అడిగావా?”

“లేదాంటీ.”

“రాయడానికి మాత్రం చెయ్యి ఆగలేదు.”



డాక్టర్ మళ్లీ పరీక్షించి ఆమెను పన్నెండో గదికి పంపారు. క్షమించమని అడగడానికి వెళ్లాను. బల్ల ముందు కూర్చుని ఉంది. ఆ జ్వరం తర్వాత కలం వేళ్ల మధ్య నిలవడం లేదు.

“ఆయన చివరికి ధర్మాసుపత్రిలో చేరాడు. రిజిస్టర్లో వృత్తి దగ్గర ‘కూలీ’ అని రాశారు. రాసినవాడు ఆయన్ని అడగలేదు” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ అధ్యాయం ఆమె పూర్తి చేయలేదు.

మా పనిలో రాసింది చెరిపెయ్యకూడదు. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేయాలి, కింది మాట కనబడాలి. మూడు చోట్లా గీత కొట్టాను. ఇప్పుడు ఆ మాట రాసేముందు అడుగుతాను, ఆయనెవరండీ అని. డొరొతీ ఫైల్లో మాత్రం గీత కింద ఆ మాట అలాగే ఉంది, పక్కన నా సంతకంతో.