గడపకు సరిపడా చేవ

మా టేకు చెట్టు లావు చూసి పన్నెండేళ్లు మురిసిపోయాను. అదెంత తెలివితక్కువ మురిపెమో దాన్ని కోసిన రోజు తెలిసింది.

కాజీపల్లిలో మందుల కంపెనీలో చేరిన ఏడాదే, మాకు మిగిలిన అరెకరం గట్టు మీద ఆరు టేకు మొక్కలు నాటాను. అప్పటికి పటాన్‌చెరులో ఒంటిగదిలో కిరాయికి ఉండేవాళ్లం. ఆ గదికి రేకు తలుపు. వానొస్తే తుప్పు నీళ్లు లోపలికి కారేవి. "మన ఇంటికి మన చెట్టు దర్వాజనే పెడత" అని నా భార్యకు మాటిచ్చాను. ఆమె అడగలేదు. నేనే నోరు జారాను.

ఇక అప్పట్నుంచి షిఫ్టు దిగడం, బండి తీయడం, పొలానికి పోయి మోటారు వేయడం. రాత్రి షిఫ్టయితే పొద్దున్నే కళ్లు మండుతూ పోయేవాణ్ణి. చేనుకు తెచ్చిన యూరియాలోంచి ఇంత తీసి వాటి మొదట్లో వేసేవాణ్ణి. చెట్టు చుట్టూ తువ్వాల తిప్పి కొలిచేవాణ్ణి. కిందటిసారి కంటే మిగిలే కొస తగ్గిందంటే ఆ రోజు అలుపు తెలిసేది కాదు. పక్క చేను మొరం నేలలో నాకంటే చాలా ముందు ఎవరో నాటిన టేకు ఒకటుంది. నీళ్లు పోసే దిక్కులేక సన్నగానే ఉండిపోయింది. దాన్ని చూసి నవ్వుకునేవాణ్ణి కూడా.

చివరికి ఊళ్లో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాం. శ్రావణంలో ద్వారబంధం ఎత్తే ముహూర్తం. చెక్క నీడలో ఎండాలి కనుక ఎండాకాలంలోనే అన్నిటికంటే లావు చెట్టును కోయించి, వడ్రంగి చాచాను తీసుకొచ్చాను. మా నాన్న పడుకున్న మంచం ఆయన చేసిందే.

చాచా దుంగ కోసిన వైపు తడిగుడ్డతో తుడిచి చూశాడు. నడుమ సాసరంత గోధుమరంగు చేవ. చుట్టూ అంతా తెల్ల చెక్క.

"గింతేనా చాచా?"

"గింతే బేటా. చెట్టు ఈ తెల్లదాంట్లకెల్లే నీళ్లు గుంజుకుంటది. లోపటి పొరలు ముసలివై నీళ్లు గుంజుడు బంద్ జేస్తయి. అప్పుడు నూనె వట్టి గట్టివడ్తయి. గదే చేవ. నువ్వు నీళ్లు వోస్తే లావైతది గని, వయసొస్తదా?"

"తెల్లది వెడితే ఏమైతది?"

"రెండు వానకాలాలు ఉంటది. ఇగ చెదలకు దావత్."

పైకి పోయే కొద్దీ చేవ ఇంకా సన్నబడింది. ద్వారబంధం నిలువులకు పనికి రాదన్నాడు. ఇంకెన్నేళ్లు ఆగాల్సి ఉండెనని అడిగాను. ఇరవై అన్నాడు. నా నౌకరీయే ఇంకో ఆరేళ్లుంది. ఆ ఎండలో దుంగ మీదే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. చెట్టు మీద కాదు నా కోపం, నా మీదే. పన్నెండేళ్ల నిద్ర దాని మొదట్లో పోశాను.

చాచా వేరు వైపు గడపకు సరిపడా నాలుగడుగులు కొలిచి బొగ్గుతో గీత గీశాడు. మొదట్లో చేవ ఎక్కువ ఉంటుందట. "కడపకైతే వస్తది. మిగిలింది కట్టె డిపోల తెచ్చుకో."

ఈ సంగతి నా భార్యకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. తిడుతుందనుకున్నాను. "తడి తగిలేది కడపకే గదా. చేవ ఆడ ఉంటే సాలదా?" అంది.

ఇంట్లోకి వచ్చిన మొదటి వారం, రాత్రి షిఫ్టు దిగి వచ్చి, మిగిలిన అయిదు చెట్లకు నీళ్లు పెట్టాలని మళ్లీ బండి తాళం తీసుకున్నాను.

"ఏడికి?" అని తాళం గుంజుకుంది. "ఇగ వాటికి నీళ్లు బంద్. వాటి బతుకు అవి బతుకుతయి. నువ్వు జెర కూసో."

ఉన్నచోటనే, ఆ చేవ గడప మీదే కూర్చున్నాను. గడప మీద కూర్చుంటే చుట్టాలనైనా లేపే మనిషి ఆమె. ఆ పొద్దు నన్ను మాత్రం లేపలేదు. చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది.