సన్న గొట్టం వచ్చిన రోజు

మా అత్తకూ నాకూ మొదటినుంచీ పడదు. పెళ్ళయి వచ్చిన వారానికే నేను నర్సు ఉద్యోగం మానాలని ఆమె, మాననని నేను. గుంటూరులో ఒక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర పని నాది. ఊపిరి గొట్టాల్లోకి దింపి చూసే బ్రాంకోస్కోపును పరీక్షకు సిద్ధం చేయాలి, అయ్యాక కడిగి ఆరబెట్టాలి. వీధిలో ఎవరడిగినా అత్త "మా కోడలు గొట్టాలు కడుగుద్ది" అని చెప్పేది. ఆమె ముప్ఫై ఏళ్ళు మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని కాయలకు తొడిమలు తీసిన మనిషి. ఎవరి పని గొప్పో ఆ ఇంట్లో ఏనాడూ తేలలేదు.

ఆమెకు దగ్గు మొదలైతే ఎవరూ పట్టించుకోలేదు. మిర్చి ఘాటులో కూర్చునేవాళ్ళు దగ్గక ఏం చేస్తారు? మనిషి చిక్కిపోయి, కఫంలో నెత్తుటి చార కనపడ్డాక ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తి లోపల మచ్చ. మా వైపు మచ్చంటే టీబీయే. ముందు మందులు మింగించి తర్వాత ఆలోచిస్తారు. మా డాక్టరూ అదే చేశాడు. ఆరు నెలలు మింగింది. మచ్చ తగ్గలేదు సరికదా, పెరిగింది. రెండుసార్లు గొట్టం దింపితే, అది లావు కావడంతో సన్నటి దారుల్లోకి దూరక మధ్యలోనే ఆగిపోయింది. బయటినుంచి సూది పొడిస్తే ఊపిరితిత్తి కుంగిపోతుందని డాక్టరు ఒప్పుకోలేదు. అది క్యాన్సరో కాదో తెలియాలంటే అందులోంచి చిన్న ముక్క రావాలి. ఆ ముక్కే రావడం లేదు. "ఆసుపత్రిలో పనిచేసి ఏం లాభం" అని మా ఆయన రోజూ నన్ను దెప్పేవాడు.

అప్పుడు చెన్నై నుంచి ఒక కంపెనీ మనిషి సన్న గొట్టం తెచ్చాడు. దాని చివర అల్ట్రాసౌండు ఉంటుంది. గడ్డ ఎక్కడ నక్కిందో తెర మీద చూసుకుని సూది వేయొచ్చు. ఇంకా పనితనం చూసే దశలోనే ఉంది కాబట్టి, ఒప్పుకున్న ముగ్గురి మీద ఆ ఒక్క రోజు వాడి, సాయంత్రం రైలుకు తిరిగి పట్టుకుపోతానన్నాడు. డాక్టరును బతిమాలి అత్త పేరు ముందు రాయించాను. ప్రేమతో కాదు, ఇంట్లో మాటలు పడలేక. అత్త కాగితం మీద వేలిముద్ర వేస్తూ, "నీ చేతుల్లో పోవాలని రాసుందేమోలే" అంది.

ఏమీ తినొద్దు, తాగొద్దు అని మూడుసార్లు చెప్పాను. పొద్దున బల్ల మీద పడుకోబెట్టి, గొంతులో మత్తుమందు చల్లుదామని నోరు తెరిపిస్తే బుగ్గన బెల్లం ముక్క. తొడిమలు తీసేవాళ్ళు పనికి కూర్చునే ముందు బెల్లం బుగ్గన పెట్టుకుంటారు, ఘాటు గొంతుకు పట్టదని. వాళ్ళకది తిండి కాదు. గొంతులోకి ఏదో దిగుతుందంటే అలవాటు ప్రకారం పెట్టుకొచ్చింది. గట్టిగా అడిగితే ఇది నాలుగో ముక్కని, దాహమేసి చెంబెడు నీళ్ళు కూడా తాగానని చెప్పింది. నేను నోరు మూసుకుంటే పరీక్ష జరిగిపోతుంది. దగ్గులో ఆ నీళ్ళు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే బల్ల మీదే ప్రాణం పోతుంది. ఒక్క నిమిషం ఊగిసలాడాను, అబద్ధమెందుకు. తర్వాత డాక్టరుకు చెప్పేశాను.

ఆయన ఇంతెత్తున లేచాడు. సొంత అత్తకే చెప్పుకోలేనిదానివి పేషెంట్లకేం చెబుతావని ఆ కంపెనీ మనిషి ముందే కడిగేసి, ఆమె పేరు కొట్టేశాడు. సాయంత్రానికి కడుపు ఖాళీ అవుతుంది, మిగతా ఇద్దరికీ అయ్యాక చివర్లో చేయమన్నాను. కంపెనీ మనిషి వాచీ చూసుకున్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆరు నెలలు గుడ్డిగా మందులు మింగించిన మనిషి నాకు క్రమశిక్షణ నేర్పుతున్నాడు! నాకు ఒళ్ళు మండింది.

"అయితే ఆ గొట్టం నేను కడగను సార్. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఎవరు కడుగుతారో చూసుకోండి" అన్నాను.

ఆ పని అక్కడ ఇంకెవరికీ రాదు. మిగతా ఇద్దరు రోగులూ తలుపు అవతల వింటూనే ఉన్నారు, వాళ్ళేం పాపం చేశారు? అది తప్పుడు మాట. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. కానీ ఆ రోజు వెనక్కి తీసుకోలేదు. చివరికి కంపెనీ మనిషే తగ్గి, రైలు తప్పితే బస్సుకు పోతానన్నాడు. డాక్టరు చూసిన చూపుకు ఆ నెలతో నా ఉద్యోగం సరి అనుకున్నాను.

సాయంత్రం దాకా అత్త బెంచీ మీద కూర్చుని, కోడలు గుక్కెడు మంచినీళ్ళు కూడా ఇవ్వదని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. వంతు వచ్చి లోపల గొట్టం దిగుతుంటే నా మణికట్టులో గోళ్ళు దిగేసింది. పాత గొట్టం ఆగిన చోటు దాటి ఇది ముందుకు పోయింది. తెర మీద నల్లటి గుండ్రటి గడ్డ కనపడింది. సూది వెళ్ళింది, ముక్క వచ్చింది.

రిపోర్టులో క్యాన్సర్ అని ఉంది. మా ఆయనా మా బావగారూ ఆసుపత్రి మెట్ల మీదే తీర్మానించేశారు, అమ్మకు చెప్పొద్దు, టీబీ ముదిరిందని చెబుదామని. ఆ ముక్క కోసం అందరితో తగువు పెట్టుకున్నది మళ్ళీ టీబీ అని చెప్పడానికా అని అరిచాను. నేను చెబితే కసికొద్దీ చెప్పినట్టుంటుందన్నాడు మా ఆయన. ఆ మాటకు వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

రిపోర్టు వచ్చిన మర్నాడే అత్త వంటింట్లోకి వచ్చి, పొయ్యి ముందు నాకు అడ్డంగా నిలబడింది.

"కొడుకులిద్దరూ నా మొహం చూడకుండా మాట్లాడుతున్నారు. నీకు నేనంటే గిట్టదు. నన్ను ఊరడించాల్సిన పని నీకు లేదు. అందుకే నిన్నడుగుతున్నా. ఏంటది?"

చెప్పాలనే అనుకున్నాను. చెప్పలేకపోయాను.

"టీబీయే అత్తా. కాస్త ముదిరింది. నువ్వెళ్ళి పడుకో, కాఫీ తెస్తాను" అన్నాను.

పదకొండేళ్ళలో ఆమెతో నేనంత మెత్తగా మాట్లాడడం అదే మొదటిసారి. అత్త నా మొహంలోకి చూసింది. కొంగుతో నోరు తుడుచుకుని, "సరేలే, తెలిసింది" అని మంచం వైపు వెళ్ళిపోయింది.