ఎర్ర అక్షరాలు రాని పేజీ

మొన్న గురువారం ఉదయం దీపం పెట్టి స్తోత్రాల పుస్తకం తెరవగానే ఫోను మోగింది. "ఆంటీ, నాన్న పోయిండు" అంది, ఒకప్పుడు మా ఆఫీసులో పనిచేసిన సార్ కూతురు. ఉప్పల్ బస్సు డిపో వెనక ఇంట్లో, చాయ్ తాగుతూ తాగుతూనే పక్కకు ఒరిగిపోయారట. ఫోను పెట్టేసరికి పుస్తకంలోంచి మడత కాగితం ఒకటి నా ఒళ్లో పడింది. రోజూ పడుతుంది, రోజూ మళ్లీ లోపల పెడతాను. ఆ రోజు పెట్టలేదు. నాకు ఏడుపు రాలేదు. దేవుడి ముందు కూర్చుని ఒక మనిషి పరువు పోవాలని కోరుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ అదే నిజం.

నాచారంలో మందుల కంపెనీలున్న రోడ్డు మీద మాది చిన్న ఆఫీసు. రక్త పరీక్షల ల్యాబులకు వెబ్‌సైట్లు చేసేవాళ్లం. జనం తమ రిపోర్టును ఇంటర్నెట్ సెంటర్లో చూసుకునేవారు. సార్ ప్రోగ్రాములు రాసేవారు. పదో తరగతి చదివిన నాది ఫోన్లు ఎత్తే పని.

అప్పట్లో సైటు ఎక్కడైనా ఆగిపోతే తెర నిండా ఎర్రటి ఇంగ్లీషు వాక్యాలు వచ్చేవి. ల్యాబు రిపోర్టుల్లో తేడాగా వచ్చిన అంకెలను ఎర్రగా అచ్చువేస్తారు. ఒకరోజు మల్లాపూర్ నుంచి ఒక ముసలమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మా కోడలి రిపోర్టు మొత్తం ఎర్రగొచ్చింది. ఒక్క అంకె గూడ నల్లగ లేదు. పిల్ల బతుకుతదా?"

అది రిపోర్టు కాదు, మా సైటు ఆగిపోయిందని ఆమెకు నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. సార్ కళ్లజోడు తీసి నా బల్ల దగ్గరికి వచ్చారు. "చెల్లె, ఇది మన తప్పు. సైటు నడిపే సాఫ్ట్‌వేరు, గా ఫ్రేమ్‌వర్క్, ఏది చూపిస్తే అది జనాల మొఖాన కొడుతున్నం."

ఆ వారంలోనే రెండు పేజీలు చేశారు. రిపోర్టు నంబరు తప్పుగా కొడితే ఒకటి, మన సైటు పాడైతే ఒకటి. "రెండు కలపొద్దు. మన తప్పు తీస్కపోయి రోగి మీద ఎయ్యొద్దు" అనేవారు. రెండో పేజీలో మాటలు నన్నే రాయమన్నారు. "నాకేం తెలుసండీ" అన్నాను. "ఫోన్ల ఏం జెప్తవో గదే రాయి. నాకు కంప్యూటరే వచ్చు, మనుషులతోని మాట్లాడుడు నీకొచ్చు."

నేను రాశాను: "మీ రిపోర్టు భద్రంగా ఉంది. పాడైంది మా కంప్యూటర్. భయపడకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి." సార్ దాన్ని తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలతో పెట్టారు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. రిపోర్టులన్నీ దాచే డేటాబేసు పడిపోయినా ఆ పేజీ మాత్రం నిలబడాలని, దాన్ని దేనితోనూ ముడిపెట్టలేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం డేటాబేసును రెండు నిమిషాలు కావాలని ఆపి, ఆ పేజీ వచ్చిందో లేదో చూసుకునేవారు. రాగానే, "నీ ఉత్తరం వచ్చింది చెల్లె" అని నవ్వేవారు.

మా మేనేజరుకు ఆ పేజీ బోసిగా అనిపించింది. "సార్, గింత ఖాళీ జాగా ఎవరికి ఇడిసిపెట్టిండ్రు? ల్యాబోళ్ల టెస్టుల ప్యాకేజీలు, రేట్లు పెట్టుండ్రి" అన్నాడు.

"ప్యాకేజీలు ఉండేది డేటాబేసుల. అది పడ్డప్పుడే గదా ఈ పేజీ వచ్చేది? ఇది గూడ పడ్తది."

"మీరు మస్తు భయపడ్తరు సార్."

సార్ అదే మాట కాగితం మీద రాసిచ్చారు. మేనేజరు దాని కిందే "నేను చెప్పినట్టు చేయండి" అని రాసి సంతకం పెట్టాడు. సార్ చేశారు. ఆ కాగితాన్ని మేనేజరు నా బల్ల మీద పడేసి చింపేయమన్నాడు. ఎందుకో నా సంచిలో వేసుకున్నాను.

అది జ్వరాల కాలం. మళ్లీ శనివారం రాకముందే డేటాబేసు పడిపోయింది. దాంతోపాటే ఆ పేజీ కూడా. ఎర్ర అక్షరాలు మళ్లీ వచ్చాయి. ఆ రోజంతా ఫోను కింద పెట్టలేకపోయాను. సాయంత్రం ల్యాబుల వాళ్లొచ్చి కూర్చుంటే మేనేజరు, "ఆ పేజీ జేసింది సారే. ఎవరినీ అడగలే" అన్నాడు.

ఆఫీసు కాగితాలు దాచేది నేనే కాబట్టి సార్ నా వైపు తిరిగారు. "చెల్లె, ఆ కాయితం ఉందా?"

ఆయన వెనక మేనేజరు నన్నే చూస్తున్నాడు. మావారు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి నెల. "లేదండీ" అన్నాను. నా సంచి నా కాళ్ల దగ్గరే ఉంది.

సార్ టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా ఆ మాటే ఆయనకంటే ముందు చేరింది. ఉప్పల్‌లో పిల్లలకు టైపింగు నేర్పుకుంటూ బతికారు. ఒకసారి ఇంటికి వెళ్లి నోరు తెరవబోతే, ఆయన ముందే అన్నారు: "నువ్వు ఫోన్లు ఎత్తు చెల్లె. అవుతల భయపడేటోళ్లుంటరు." అంతే. క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. కాగితం అప్పటి నుంచీ స్తోత్రాల పుస్తకంలోనే ఉంది. దేవుడి పేర్లు చదువుతుంటే మధ్యలో ఆ సంతకం కనిపించేది. మేనేజరును క్షమించే బుద్ధినిమ్మని ఏడేళ్లు అడిగాను. ఇవ్వలేదు.

సోమవారం ఆఫీసులో సంతాప సభ పెట్టారు. సార్ కూతురిని ముందు వరసలో కూర్చోబెట్టి, ఫొటోకు దండవేసి మేనేజరు మాట్లాడాడు. "సార్ జేసిన తప్పును గూడ మేం ఇంటి మనిషి తప్పు లెక్కనే భరించినం."

నేను లేచాను. నా గొంతు చిన్నది, అందుకే దగ్గరికి నడిచి వెళ్లాను.

"ఆ తప్పు సార్‌ది కాదండీ. మీది. తర్వాత నాది."

"అమ్మా, ఇయ్యాల గివన్ని ఎందుకు?"

"ఆ రోజు మాట్లాడలేదు కాబట్టే ఇవాళ మాట్లాడుతున్నానండీ."

కాగితం విప్పి రెండు రాతలూ చదివాను. అంతా ఆయన్నే చూస్తుంటే ఆ ముఖం వాడిపోవడం కళ్లారా చూశాను. జాలి కలగలేదు. కలుగుతుందని ఇప్పుడూ అనుకోవడం లేదు. ఇక నేను ఆ ఆఫీసుకు వెళ్లక్కర్లేదు.

కాగితాన్ని కూతురి చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి దాన్ని మోకాలి మీద పరుచుకుని మడతలు సాఫుచేసింది. పైన సార్ రాసిన వరసలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కింది సగానికి నా పూజ కుంకుమ అంటుకుంది. సంతకం మొత్తం ఎర్రగా ఉంది.